గ్రహాలు సూర్యుడిలో ఎందుకు పడిపోవు?

వేగుచుక్క:
చాలాకాలంగా మనసులో నలుగుతున్న సందేహం ఇది. సూర్యుడు భూమిని తన వైపు లాగుతున్నాడని అందరం చదువుకున్నాం. మధ్యలో ఆపడానికి ఏమీ లేదు. దాదాపు 450 కోట్ల ఏళ్లుగా ఆ లాగుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. అయినా భూమి వెళ్లి సూర్యుడిలో ఎందుకు పడలేదు? "రెండు బలాలు సమానంగా ఉన్నాయి కాబట్టి" అని చాలాచోట్ల రాస్తారు. ఒకటి గురుత్వాకర్షణ, సరే. ఆ రెండో బలాన్ని కలిగిస్తున్నది ఎవరు? అక్కడ సూర్యుడు తప్ప ఇంకెవరూ లేరు కదా?

మెకానికల్_మిత్ర:
అపకేంద్ర బలం అండి. రాయికి తాడు కట్టి గిరగిరా తిప్పితే రాయి బయటికి లాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి బయటికి ఒక బలం, సూర్యుడు లోపలికి లాగే బలం. రెండూ సరితూగాయి. అంతే.

ఫిజిక్స్_మాస్టారు:
మిత్ర గారూ, ఆ సమాధానం చాలామంది చెప్పేదే. కానీ వేగుచుక్క గారి ప్రశ్న సరిగ్గా దాని మీదే ఉంది, కాబట్టి అక్కడ ఆగిపోకూడదు.

ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయంటే, ఆ వస్తువు తిన్నగా, ఒకే వేగంతో పోవాలి. న్యూటన్ మొదటి సూత్రం అదే. భూమి తిన్నగా పోవడం లేదు, దారి వంగుతోంది. అంటే బలాలు సరితూగలేదనే అర్థం. బయటి నుంచి చూసేవాడికి భూమి మీద ఉన్న పెద్ద బలం ఒక్కటే, సూర్యుడి ఆకర్షణ. తాడు తెగితే రాయి ఎటు పోతుందో గమనించండి. చేతికి ఎదురుగా బయటికి ఎగిరిపోదు. తెగిన క్షణంలో ఎటు పోతోందో అటే, వృత్తానికి పక్కగా, తిన్నగా పోతుంది. నిజంగా బయటికి లాగే బలం ఉంటే బయటికే పోవాలి కదా.

కాబట్టి నా సమాధానం ఇది: భూమి సూర్యుడి వైపు పడుతూనే ఉంది. పడకుండా ఆపుతున్నదేమీ లేదు. పడుతూనే, సెకనుకు దాదాపు 30 కి.మీ. వేగంతో పక్కకు పోతోంది. పడినంత మేరా దారి వంగుతుంది, పక్కకు పోయినంత మేరా సూర్యుడు తప్పిపోతాడు.

న్యూటన్ దీన్ని ఒక ఊహతో వివరించాడు. గాలి అడ్డురానంత ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి, నేలకు సమాంతరంగా గుండు పేల్చారనుకోండి. తక్కువ వేగమైతే కొండకు దగ్గర్లోనే పడుతుంది. వేగం పెంచితే ఇంకా దూరంగా పడుతుంది. ఇప్పుడు భూమి గుండ్రంగా ఉందన్న సంగతి లెక్కలోకి తీసుకోండి. ఏ వస్తువైనా మొదటి సెకనులో 4.9 మీటర్లు కిందికి పడుతుంది. భూమి ఉపరితలం 7.9 కి.మీ. దూరానికి సరిగ్గా అంతే, 4.9 మీటర్లు, కిందికి వంగుతుంది. అంటే సెకనుకు 7.9 కి.మీ. వేగంతో పేల్చిన గుండు ఎంత పడితే నేల కూడా అంతే కిందికి జారుతుంది. గుండు పడుతూనే ఉంటుంది, నేల మాత్రం తగలదు. కక్ష్య అంటే అదే.

వేగుచుక్క:
ధన్యవాదాలు మాస్టారూ. కానీ "పడటం" అంటే దగ్గరవ్వడమే కదా? చంద్రుడు భూమి వైపు పడుతున్నాడంటే దూరం తగ్గుతూ రావాలి. తగ్గడం లేదే?

లెక్కలరాయుడు:
దీనికి అంకెలతో చెబితేనే నమ్మకం కుదురుతుంది. చంద్రుడి దూరం సగటున 3,84,400 కి.మీ. భూమి కేంద్రం నుంచి మనం ఉన్నది 6,371 కి.మీ. దూరంలో. అంటే చంద్రుడు మనకంటే సుమారు 60 రెట్లు దూరం. ఆకర్షణ దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి అక్కడ 60 × 60, అంటే 3,600 వంతులు తక్కువ. ఇక్కడ సెకనులో 4.9 మీటర్లు పడితే అక్కడ 4,900 మి.మీ.ను 3,600తో భాగించినంత, సుమారు 1.36 మి.మీ. పడాలి.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. చంద్రుడు 27.3 రోజులకు ఒక చుట్టు చుడతాడు, వేగం సెకనుకు 1.02 కి.మీ. ఒక్క సెకను తిన్నగా పోయి ఉంటే ఎక్కడ ఉండాలో, నిజంగా వృత్తం మీద ఎక్కడ ఉన్నాడో తేడా తీయండి. మళ్లీ 1.36 మి.మీ. వస్తుంది.

చంద్రుడు పడుతున్నది ఆ తిన్నని గీతతో పోల్చినప్పుడు. పడకపోతే ఆ గీత వెంట దూరమైపోయేవాడు. పక్కకు పోవడం వల్ల పెరగబోయే దూరాన్ని పడటం సరిచేస్తోంది. అందుకే దూరం మారలేదు.

నేల మీద పడే వస్తువుకీ ఆకాశంలో చంద్రుడికీ ఒకే నియమం అని రుజువు చేసిన లెక్క ఇది. ఇది చేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మెకానికల్_మిత్ర:
మాస్టారూ, మీరు అపకేంద్ర బలాన్ని పూర్తిగా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. భూమితో పాటు తిరిగే చట్రంలో, అంటే మనమూ దానితో పాటే తిరుగుతూ చూస్తున్నామనుకుని, లెక్క వేస్తే ఆ బలాన్ని చేర్చక తప్పదు. మన సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1 ఉన్న చోటు, భూమి నుంచి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కి.మీ. దూరంలో, భూమితో పాటే సూర్యుణ్ని చుట్టగలిగే ఆ ఎల్1 బిందువు, అలాంటి లెక్కలోనే తేలిగ్గా దొరుకుతుంది. ఇంజినీర్లం దాన్ని వాడుతూనే ఉంటాం.

ఫిజిక్స్_మాస్టారు:
తిరిగే చట్రంలో అది పూర్తిగా చెల్లుతుంది, దాంట్లో నాకు అభ్యంతరం లేదు. నేను చెప్పేదల్లా, ఏ చట్రంలో నిలబడి మాట్లాడుతున్నామో చెప్పకుండా "రెండు బలాలు సమానం" అంటే పిల్లలకు తప్పు బొమ్మ మనసులో పడిపోతుంది. ముఖ్యంగా ఒక నష్టం ఉంది. సరితూగిన తక్కెడలా ఊహించుకుంటే, కాస్త కదిపితే చాలు భూమి సూర్యుడిలో పడిపోతుందేమో అనిపిస్తుంది. కక్ష్యలు అంత సున్నితమైనవి కావు.

మెకానికల్_మిత్ర:
ఆ చివరి మాటతో ఏకీభవిస్తాను. చట్రం విషయంలో మాత్రం నా మాట నాదే.

అరుణగ్రహం:
అన్నలూ, ఆ "కదిపితే" అన్నది కాస్త వివరంగా చెప్పరా? భూమి వేగం తగ్గితే ఏమవుతుంది? పది శాతం తగ్గిందనుకుందాం.

లెక్కలరాయుడు:
తమ్ముడూ, మంచి లెక్క ఇచ్చావు. భూమి కక్ష్యను గుండ్రం అనుకుని, వేగాన్ని ఒక్కసారిగా పది శాతం తగ్గించామనుకో. భూమి లోపలికి వంగుతుంది. లోపలికి వచ్చేకొద్దీ వేగం పుంజుకుంటుంది. సూర్యుడికి సుమారు 10.2 కోట్ల కి.మీ. దూరం వరకు, అంటే శుక్రుడి కక్ష్యకు కాస్త లోపలి దాకా వస్తుంది. అప్పటికి వేగం ఎంత పెరుగుతుందంటే, అక్కడ గుండ్రంగా తిరగడానికి కావలసినదాని కంటే ఎక్కువ. కాబట్టి మళ్లీ బయటికి ఎక్కి, బయలుదేరిన 15 కోట్ల కి.మీ. దగ్గరికే చేరుతుంది. అలా కోడిగుడ్డు ఆకారంలాంటి దీర్ఘవృత్తంలో తిరుగుతూనే ఉంటుంది. మన పరిస్థితి ఘోరంగా ఉంటుంది గానీ, భూమి మాత్రం సూర్యుడిలో పడదు.

పక్కకు పోయే వేగం పూర్తిగా సున్నా అయితేనే తిన్నగా పడుతుంది. అప్పుడు కూడా సూర్యుణ్ని చేరడానికి 64 రోజులకు పైగా పడుతుంది.

నింగిచూపు:
నిజానికి భూమి కక్ష్య ఇప్పుడూ అచ్చమైన వృత్తం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి 14.7 కోట్ల కి.మీ. దూరంలో ఉంటాం, జులై మొదట్లో 15.2 కోట్ల కి.మీ. దగ్గరగా ఉన్నప్పుడు వేగం సెకనుకు 30.3 కి.మీ., దూరంగా ఉన్నప్పుడు 29.3. దూరం, వేగం ఇలా చేతులు మార్చుకుంటూ ఉంటాయి.

ఇది కళ్లకు కట్టినట్టు కనిపించేది హేలీ తోకచుక్కలో. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు సెకనుకు 54 కి.మీ. పైగా పరిగెడుతుంది. నెప్ట్యూన్ కక్ష్యకు అవతల, తన దారి చివర, సెకనుకు ఒక కి.మీ. కూడా ఉండదు. 1986లో వచ్చి వెళ్లింది, 2061లో మళ్లీ వస్తుంది. 76 ఏళ్ల ప్రయాణంలో ఎక్కువ భాగం ఆ చీకటి చివర నెమ్మదిగా పాకడంలోనే గడిచిపోతుంది. కెప్లర్ 1609లో, ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ వదిలివెళ్లిన అంగారకుడి కొలతలతో కుస్తీ పట్టి, ఈ రెండు సంగతులూ చెప్పాడు: దారి దీర్ఘవృత్తం, దగ్గరైతే వేగం ఎక్కువ. గురుత్వాకర్షణ నియమం అప్పటికి ఎవరికీ తెలియదు. న్యూటన్ దాన్ని ప్రకటించింది 1687లో.

అరుణగ్రహం:
అయితే ప్రమాదకరమైన అణు వ్యర్థాలను రాకెట్‌లో పెట్టి సూర్యుడిలో పడేయడం కుదరదా? సూర్యుడే లాక్కుంటాడు కదా, తేలికే అనుకున్నాను.

లెక్కలరాయుడు:
అక్కడే అసలు చిక్కు. భూమి మీద నుంచి వెళ్లే రాకెట్ భూమి వేగాన్ని, అంటే ఆ 29.8 కి.మీ.ని, తనతో తీసుకెళ్తుంది. సూర్యుడి అంచునైనా తాకాలంటే అందులో దాదాపు 27 కి.మీ. వదిలించుకోవాలి. అదే సౌరకుటుంబం దాటి శాశ్వతంగా వెళ్లిపోవాలంటే? భూమి దూరంలో సూర్యుడి నుంచి పలాయన వేగం సెకనుకు 42.1 కి.మీ. ఇప్పటికే 29.8 ఉంది కాబట్టి ఇంకో 12.3 చాలు. భూమి ఆకర్షణను దాటడానికి అయ్యే ఖర్చు రెండింటికీ ఉంటుంది, అది వేరు. మొత్తం మీద సూర్యుడిలో పడటం కంటే సూర్యుణ్ని వదిలి పారిపోవడమే తేలిక.

నాసా పంపిన సూర్య పరిశోధక నౌక పార్కర్ సోలార్ ప్రోబ్ కథ ఇదే. 2018 ఆగస్టులో బయలుదేరి, వేగం తగ్గించుకోవడానికి శుక్రుడి పక్కగా ఏడుసార్లు వెళ్లింది. ప్రతిసారీ కొంత వేగాన్ని శుక్రుడికి అప్పజెప్పి, కక్ష్యను లోపలికి కుదించుకుంది. చివరికి 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కి.మీ. దాకా వెళ్లింది. దగ్గరగా వెళ్లడానికే అంత శ్రమ.

వేగుచుక్క:
ఇప్పుడు నా ప్రశ్న మారింది. అంతా ఆ పక్కకు పోయే వేగంలోనే ఉందన్నమాట. దాన్ని భూమికి మొదట ఇచ్చింది ఎవరు? ఇన్ని కోట్ల ఏళ్లలో అది ఎందుకు అరిగిపోలేదు?

ఫిజిక్స్_మాస్టారు:
రెండో భాగం ముందు. వేగం అరగాలంటే రాపిడి కావాలి. గ్రహాల మధ్య ఉన్నది దాదాపు శూన్యం. భూమికి దగ్గరగా మాత్రం పలచటి గాలి ఉంటుంది, అక్కడ నిజంగానే అరుగుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కి.మీ. ఎత్తులో ఆ పలచటి గాలిని రాసుకుంటూ మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది, మధ్యమధ్య ఇంజిన్లు మండించి పైకి నెట్టాలి.

మొదటి భాగం నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. సూర్యుడూ గ్రహాలూ పుట్టింది ఒక పెద్ద వాయు ధూళి మేఘం నుంచి, సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట. ఆ మేఘానికి మొదట్లో చాలా స్వల్పమైన భ్రమణం ఉంది. అది కుంచించుకుపోయేకొద్దీ భ్రమణం వేగవంతమైంది, ఎందుకంటే కోణీయ ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, తిరిగే వేగం, కేంద్రం నుంచి దూరం కలిపిన లెక్క) మాయం కాదు, దూరం తగ్గితే వేగం పెరగాల్సిందే. పైకీ కిందికీ పోయే కదలికలు ఒకదాన్నొకటి ఢీకొని రద్దయ్యాయి. చుట్టూ తిరిగే కదలిక మిగిలి, మేఘం చదునైన పళ్లెంగా మారింది. పళ్లెంలో పక్కకు పోయే వేగం చాలనిదంతా లోపలికి వెళ్లి సూర్యుడైపోయింది. ఇవాళ సౌరకుటుంబం ద్రవ్యరాశిలో 99.8 శాతానికి పైగా సూర్యుడిదే. తగినంత వేగం ఉన్న ఆ కొంచెమే గ్రహాలుగా మిగిలింది. ఎనిమిది గ్రహాలూ ఒకే దిశలో, దాదాపు ఒకే తలంలో తిరగడానికి కారణం అదే.

అంటే "ఎందుకు పడలేదు" అన్న ప్రశ్నకు ఇంకో సమాధానం: పడవలసినవి ఎప్పుడో పడిపోయాయి.

నింగిచూపు:
దీన్ని ఊహ అనుకోనక్కర్లేదు. 2014లో చిలీలోని ఆల్మా రేడియో దుర్భిణి, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హెచ్‌ఎల్ టౌరీ అనే పసి నక్షత్రం చుట్టూ అలాంటి పళ్లాన్నే ఫోటో తీసింది. పళ్లెంలో వలయాలు, మధ్యలో ఖాళీ చారలు స్పష్టంగా కనిపిస్తాయి. చూడనివాళ్లు తప్పక చూడండి.

సందేహాలపుట్ట:
ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. నాదొక ప్రశ్న. చంద్రుణ్ని భూమి కంటే సూర్యుడే ఎక్కువ బలంతో లాగుతున్నాడని ఎక్కడో చదివాను. అది నిజమైతే చంద్రుడు మన దగ్గరే ఎందుకు ఉన్నాడు?

లెక్కలరాయుడు:
నిజమే. సూర్యుడి లాగుడు భూమి లాగుడు కంటే రెండు రెట్లకు పైగా, సుమారు 2.2 రెట్లు ఉంటుంది.

ఫిజిక్స్_మాస్టారు:
ఇక్కడ కూడా "పడటం" అన్న మాటే కాపాడుతుంది. సూర్యుడు చంద్రుణ్ని లాగుతున్నాడు, భూమినీ దాదాపు అదే తీరుగా లాగుతున్నాడు. ఇద్దరూ కలిసి సూర్యుడి వైపు పడుతున్నారు. కలిసి పడేవాటి మధ్య విడదీసేది మొత్తం లాగుడు కాదు, ఆ ఇద్దరి మీదా ఉన్న లాగుడులో తేడా మాత్రమే. చంద్రుడి దూరంలో ఆ తేడా చాలా చిన్నది, భూమి పట్టు దాని కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఈ పట్టు సుమారు 15 లక్షల కి.మీ. దాకా పనిచేస్తుంది. చంద్రుడు అందులో పావు వంతు దూరంలో ఉన్నాడు కాబట్టి భద్రంగా ఉన్నాడు.

అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలడం కూడా ఇదే. అక్కడ గురుత్వాకర్షణ లేదనుకుంటారు చాలామంది. 400 కి.మీ. ఎత్తులో అది నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. మనిషి, గది, చేతిలో కలం, అన్నీ కలిసి ఒకేలా పడుతున్నాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆనవు.

అరుణగ్రహం:
అంతరిక్ష కేంద్రం అంటే గుర్తొచ్చింది. ముందు పోతున్న ఉపగ్రహాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించాలని విన్నాను. పెంచాలి కదా?

మెకానికల్_మిత్ర:
ఇది నేను చెబుతాను. వెనక నుంచి ఇంజిన్ మండించి ముందుకు తోస్తే, ఆ అదనపు వేగం నిన్ను పైకక్ష్యకు ఎక్కిస్తుంది. పైకక్ష్య పొడవు, నడక నెమ్మది. కాసేపటికి ఇంకా వెనకబడతావు. అదే వేగం తగ్గిస్తే కింది కక్ష్యలోకి జారతావు, అక్కడ చుట్టు చిన్నది, వేగం ఎక్కువ, కాబట్టి ముందున్నదాని దగ్గరికి చేరతావు. తర్వాత సరైన క్షణంలో పైకి ఎక్కాలి. 1965 జూన్‌లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని-4లో వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్ చివరి దశ వైపు నేరుగా తోసుకుంటూ వెళ్లబోతే అందలేదు, ఇంధనం అయిపోతుండటంతో ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జెమిని-6ఎ కక్ష్యల లెక్క ప్రకారం వెళ్లి, జెమిని-7కు ఒక అడుగు దూరం దాకా చేరింది.

గ్రహాల్లోనూ అంతే. లోపలున్న బుధుడు సెకనుకు 47 కి.మీ., చివరనున్న నెప్ట్యూన్ 5.4 కి.మీ.

వేగుచుక్క:
గ్రహాలు ఒకదాన్నొకటి లాగుకోవా? అన్నీ సూర్యుడి చుట్టూ ఎవరి దారిలో వారు పోతున్నట్టు మాట్లాడుతున్నాం.

నింగిచూపు:
లాగుకుంటాయి. నెప్ట్యూన్ దొరికిందే అలా. యురేనస్ లెక్క ప్రకారం ఉండవలసిన చోట ఉండటం లేదని గమనించి, దాన్ని లాగుతున్న గ్రహం ఎక్కడ ఉండాలో ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే కాగితం మీద లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలే దుర్భిణిని అటు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే ఆ గ్రహం కనిపించింది.

ఈ చిన్న చిన్న లాగుళ్లు కోట్ల ఏళ్లు పేరుకుంటే ఏమవుతుందన్నది గంభీరమైన ప్రశ్న. 2009లో లాస్కర్, గాస్తినో అనే శాస్త్రవేత్తలు 2,500 పైచిలుకు కంప్యూటర్ నమూనాలతో 500 కోట్ల ఏళ్లు ముందుకు నడిపి చూశారు. దాదాపు ఒక శాతం నమూనాల్లో బుధుడి కక్ష్య విపరీతంగా సాగిపోయింది. మిగతా 99 శాతంలో అన్నీ ఇప్పటిలాగే తిరుగుతున్నాయి.

సందేహాలపుట్ట:
నిజంగా పడిపోతున్నది ఏదీ లేదా మరి?

నింగిచూపు:
ఉంది. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్. అది 7.7 గంటలకే ఒక చుట్టు చుట్టేస్తుంది, అంగారకుడు తన చుట్టూ తాను తిరగడానికి 24.6 గంటలు. గ్రహం కంటే ముందు పరిగెత్తే ఉపగ్రహాన్ని ఆటుపోట్ల బలం, అంటే ఉపగ్రహం లాగుడుకు గ్రహం మీద లేచే ఉబ్బు తిరిగి దాన్ని లాగే బలం, వెనక్కి లాగుతుంది. ఫలితంగా వందేళ్లకు సుమారు 1.8 మీటర్ల చొప్పున కిందికి దిగుతోంది. మన చంద్రుడిది సరిగ్గా దీనికి ఎదురు. భూమి 24 గంటల్లో తిరుగుతుంది, చంద్రుడికి 27 రోజులు, కాబట్టి ముందుకు తోపు తగిలి ఏడాదికి 3.8 సెం.మీ. దూరమవుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టిన అద్దాల మీదికి లేజర్ పంపి కొలిచిన సంగతి ఇది.

వేగుచుక్క:
ఇవన్నీ నమ్మడమే కాకుండా, మనకు మనం సరిచూసుకోగలిగింది ఏదైనా ఉందా?

నింగిచూపు:
గురుడి ఉపగ్రహాలు. 10×50 బైనాక్యులర్‌ను కదలకుండా స్టాండ్‌కు బిగించి చూస్తే గురుడి పక్కన ఒకే వరసలో చుక్కలు కనిపిస్తాయి. గెలీలియో 1610 జనవరి 7న చూసింది వీటినే. రోజూ ఒకే సమయానికి బొమ్మ గీసుకోండి, కాలిస్టో అన్నిటికంటే దూరం పోతుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం తేలిక. అయో గురుడి వెలుగులో కలిసిపోతుంది, దానికి చిన్న టెలిస్కోప్ ఉంటే మంచిది. అయో చుట్టు 1.769 రోజులు, కాలిస్టోది 16.69 రోజులు. దూరాలు 4,21,700 కి.మీ., 18,82,700 కి.మీ. కెప్లర్ మూడో సూత్రం ప్రకారం కాలాల నిష్పత్తి వర్గం, దూరాల నిష్పత్తి ఘనం సమానం కావాలి. చేసి చూడండి.

వేగుచుక్క:
చేశాను. ఒకవైపు 89.0, రెండోవైపు 88.99! ఊరుకోలేక ఇంకోటి కూడా చేశాను. అయో గురుడికి ఎంత దూరమో చంద్రుడు మనకు దాదాపు అంతే దూరం, కానీ అయో 1.769 రోజుల్లో చుడుతోంది, చంద్రుడు 27.32 రోజుల్లో. గురుడు అంత గట్టిగా లాగుతున్నాడంటే ఎంత బరువుండాలి అని చూశాను. కాలాల నిష్పత్తి వర్గాన్ని దూరాల నిష్పత్తి ఘనంతో గుణిస్తే 315 వచ్చింది. గురుడు భూమికి 318 రెట్లు అని పుస్తకంలో ఉంది. ఆ మూడు ఎక్కడ పోయాయి?

లెక్కలరాయుడు:
చంద్రుడిలో ఉన్నాయండి! చంద్రుడు చుట్టే కాలం భూమి ఒక్కదాని ద్రవ్యరాశి మీద ఆధారపడదు, భూమి చంద్రుడు కలిపిన మొత్తం మీద ఆధారపడుతుంది. చంద్రుడు భూమిలో 81వ వంతు. అంటే మీకు వచ్చిన 315 అన్నది ఆ ఇద్దరి మొత్తానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. భూమి ఒక్కదానితో పోల్చాలంటే 315కు దానిలో 81వ వంతు, అంటే దాదాపు నాలుగు, కలపండి. 319 వస్తుంది. పుస్తకంలోని అంకెకు ఒక్కటే తేడా.